రెండు మార్కుల ప్రశ్న

హన్మకొండ. ఏప్రిల్. స్పాట్ క్యాంపు.
పూటకు ముప్పై పేపర్లు.
ఇరవై రెండో దాని కాడ పెన్ను ఆగింది.

గతిక సమతాస్థితి అంటే ఏమి?
స్కీముల ఒకటే వాక్యం:
పురోగామి రేటు, తిరోగామి రేటు సమానం.
పిల్లనో పిలగాడో, కోడు నంబరు చెప్పదు,
ఇట్ల రాసింది ఆ చెయ్యి:

"కాజీపేటల ప్యాసింజరు ఆగుతది సార్.
ఎంతమంది దిగుతరో అంతమంది ఎక్కుతరు.
డబ్బల మంది అంతే ఉంటరు,
మొఖాలే మారుతయి.
ఆగినట్టే కొడుతది గని ఏదీ ఆగదు."

సమ్మిరెడ్డి సార్ అద్దాలు నెత్తికెక్కించి
"స్కీముల రైలు లేదు మేడం" అన్నడు.

పద్నాలుగేండ్ల సంది బోర్డు మీద
రెండు బాణాలు గీస్తున్న,
ఒకటి అటు, ఒకటి ఇటు.
వాటి మీదికి ఒక్క మనిషినన్న
ఎక్కించలే.

రెండుకు రెండు వేసిన.

తర్వాతి ప్రశ్న ఎంట్రోపీ.
పేజీ ఖాళీ.
సున్న చుట్టేలోపు
కూలరు గాలికి కట్ట తాడు వదులై
కాగితాలు గదంత పరుచుకున్నయి.
చెదిరేటందుకు ఒక్క క్షణం,
నంబర్ల వరుస కూర్చేటందుకు
ముగ్గురం, ముప్పావు గంట.
సున్న మాత్రం సున్ననే.

పొద్దుగూకినంక కాజీపేటల
నేను ఎక్కుతుంటే
ఎవరో దిగిండ్రు.