ఒక్క బెల్లు

బైరాగిపట్టెడలో మందులషాపు పైన
పదహారు మెట్లు.
రెండుసార్లు ఎక్కి దిగేసినా.
మూడోసారి, కింద టీ కొట్టాయన
"ఎవురి కోసమన్నా?" అన్నాడు.
జవాబు లేక పైకే పోయినా.

గదిలో బల్ల, రెండు కుర్చీలు,
రంగు పెన్సిళ్లు నిలబెట్టిన హార్లిక్స్ సీసా.
నవనీత మేడం ఒక కాగితమిచ్చింది.
పేరు: కె. మునస్వామి.
పని: డ్రైవరు, కొండ బస్సు.
వచ్చిన కారణం:
ఆడ పెన్ను ఆగింది.
చానాసేపటికి
'బ్రేకు' అని రాసినా.

బండి బ్రేకు కాదు. అది బాగానే పడింది.
పోయిన కార్తీకంలో, దిగే దోవలో, మంచులో,
ముందు చక్రం పిట్టగోడ మీద ఆగింది.
నలభై ఒక్క మంది. ఒక్కరికి గీత పడలా.
ఎవురిదో లడ్డు సంచి చినిగి
బూందీ నా చెప్పుల దాకా దొర్లింది.
అందరూ గోవిందా అన్నారు,
కొందరు నా కాళ్లకే దండం పెట్టినారు.
డిపోలో శాలువా కప్పినారు.
"స్వామే కాపాడినాడు గదరా, ఇంకేంది నీకు?"
ఆ మాట తర్వాత
భయానికి కూర్చునే సీటు లేకుండా పోయింది.
నిలబడే వస్తా ఉండాది, యాడాదిగా.

రాత్రుల్లో నా కుడికాలు తొక్కుతాది.
మా సుగుణ పిక్క మీద
నేరేడుపండంత మచ్చ.
గడప తగిలిందని పక్కింట్లో చెప్పుకుంది.

ఇదంతా కక్కేద్దామని నోరు తెరిస్తే
మేడం చెయ్యి ఎత్తింది, మెల్లగా.
ఈరోజు వద్దు. ఈరోజు మీరు నన్ను అడగండి.
ఇక్కడ ఏం జరుగుతుందో తెలుసుకొని
రావాలో వద్దో ఇంటికి పోయి అనుకోండి.

అడిగినా.
మాత్రలిస్తారా?
నేను డాక్టరును కాను. అవసరం పడితే
రుయాలో ఎవరిని చూడాలో చెప్తాను.
డిపోకి తెలుస్తాదా?
ఇక్కడి మాట ఇక్కడే. ఒక్కటి మాత్రం,
మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పనిపిస్తే
దాచలేను. మీకు చెప్పిన తర్వాతే బయట చెప్తాను.
అర్థమయింది.
బస్సు వెనకాల ఎర్ర అక్షరాల తలుపు.
రోజూ తెరవరు. అట్లని తాళం వెయ్యకూడదు.
ఎన్నాళ్లు?
తెలియదు. ఆరు వారాలు చూసి మాట్లాడుకుందాం.
టైము రాయని బోర్డు చూసినట్టు చూసినా.
అయినా ఆ 'తెలియదు' మీదనే
నాకు కొంచెం గురి కుదిరింది.
ఇన్నాళ్లూ అందరికీ అంతా తెలుసు.

ఆ పెన్సిళ్లు పిల్లోళ్లకా?
మీకే.
నవ్వొచ్చింది. మూడో తరగతిలో మామిడికాయ గీస్తే
మా అయ్యవారు "వంకాయ బాగుందిరా" అన్నాడు.
ఆ పొద్దు నుంచి సుద్దముక్క ముట్టలా.

వంకాయైనా సరే, అంది మేడం.
మార్కులుండవు. గోడకు తగిలించను.
చెయ్యి చూసి జాతకం చెప్పినట్టు
బొమ్మ చూసి మీ మనసు చెప్పను.
అదేందో మీరే చెప్తారు, చెప్పాలనిపిస్తే.
నోటికి రాకముందే
చేతికి తెలిసినవి కొన్ని ఉంటాయి.

చేతికి కాదు, కాలికి, అనుకున్నా.

ఇంకొకటి. ఎక్కడైనా వద్దనిపిస్తే
వద్దు అనండి. ఎందుకని అడగను. ఆపేస్తాను.

ఇరవై రెండేండ్లు
కండక్టరు ఒక బెల్లు కొడితే ఆపినా,
రెండు కొడితే పోనిచ్చినా.
తాడు నా చేతికి ఎవురూ ఇయ్యలా.

బొమ్మేమీ గీయలా ఆ పొద్దు.
నల్ల పెన్సిలు తీసి, మొన చూసి,
మళ్లా సీసాలో పెట్టేసినా.
మంగళవారం నాలుగు గంటలకని చీటీ ఇచ్చింది.
రాకపోతే ముందురోజు ఫోన్ చేస్తే చాలంట.
లీలామహల్ కాడ కొండ బస్సు ఒకటి తిరిగింది.
నా పాదం తారును తొక్కింది.
ఎప్పుడూ తొక్కేదే. ఈసారి
తొక్కతా ఉంటే చూసినా.

ఇంట్లో సుగుణ పొయ్యి కాడి నుంచే,
"ఏం చెప్పిందయ్యా ఆయమ్మ?"
ఏం చెప్పలా.
ఫ్యాను గాలి ఎక్కువగా ఉందా అనడిగింది.
అవునన్నా.
తగ్గించింది.