రెండో తట్టు

పార్ను పట్నంలో డిసెంబరు మంగళవారం,
మూడున్నరకే చీకటి.
తానెల్ నా వైపు చూడడు.
కిటికీ కింద వేడినీటి గొట్టం మీద
గుండీతో టక్, టక్.
కాసేపాగి మళ్ళీ.

బొమ్మల కార్డులు సొరుగులో పడేసి
నేనూ నేలమీద కూర్చున్నాను,
వాడి వీపుకి నా వీపు ఆనీ ఆనకుండా.
గొట్టానికి ఈ కొసన, నా ఉంగరంతో
టక్, టక్.
పదకొండు వారాలు ఇంతే.
ఫారంలో ‘పలికిన మాటలు’ అన్న గడిలో
పదకొండు సున్నాలు.

ఈవేళ మంచు ఊడ్చే బండి పోతుంటే
అటు చూస్తూ, పరాకున,
ఒక్కసారే తట్టాను.

గుండీ కింద పెట్టిన చప్పుడు.
మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు.
జలుబు చేసిన ఊపిరి నా మోచేతి మీద.
చెంచా పట్టుకున్నట్టు నా వేలు పట్టుకుని
బాకీ పడ్డ ఆ రెండోది
నా చేతే కొట్టించాడు.

తలుపు దగ్గర వాళ్ళమ్మ రేత్
టోపీ మీది మంచు దులుపుకుంటూ
ప్రతి వారంలాగే అడిగింది:
“ఏమన్నా అన్నాడా, హెల్వె?”

ఎంత మాటన్నాడని!

ఆమె చేతితొడుగు లాగేసి
అరచేతిని గొట్టం మీద పెట్టాను.
అవతల వాడు
గుండీ కోసం వెతుక్కుంటున్నాడు.