అరచేతి కప్పు

పెట్టె మీద రాసుంది: "తేలిక. ఒక సాయంత్రం చాలు."
నాకు మూడు వారాలు పట్టింది.

పదకొండు చెక్క ముక్కలు.
లేజరు కోసిన అంచులు
ఇంకా మాడిన రొట్టె వాసనేస్తున్నాయి.
నాలుగు గోడలు, తలుపు, పొగగొట్టం.
పట్టాలు చూసుకునేవాళ్లు టీ కాచుకునే గుడిసె.
ఆ మనుషులు నా మధ్యవేలంత పొడుగు.
తలుపు ఓరగా అంటించాను,
చలిలో వచ్చేవాడు తట్టక్కర్లేకుండా.

బట్టల క్లిప్పులు గోడల్ని పట్టుకున్నాయి,
జిగురు ఆరింది.
పేచీ అంతా కప్పు దగ్గరే.
వాళ్లిచ్చింది కాగితం,
పలకరాయి బొమ్మ అచ్చేసిన కాగితం!
నలభై ఏళ్లు ఈ వేల్స్ లోయలో
ఇళ్లకి పలకరాయి కప్పినవాణ్ణి నేను.

షెడ్డులో పాత పలక దొరికింది.
ఉలి ఆనించి చిన్నగా తడితే
ఉల్లిపొరలా విడిపోయింది.
చెయ్యి ఏదీ మరిచిపోలేదు,
నిచ్చెనని మరిచిపోయింది మోకాళ్లే.
గోరంత పలకలు, నూట నలభై.
కింది అతుకు మీద పై పలక నడుము,
కంటికి భూతద్దం, నోట్లో పట్టకారు.

పక్కింటి మెరెరిద్ గోడ మీంచి తొంగి చూసింది.
"ఎవరుంటారు గెథిన్, అందులో?"
"వానలో పనిచేసేవాళ్లు."

ఆ రాత్రే వాన.
ఇంజన్ని పందొమ్మిదో వంతుకి కుదించారు,
బొగ్గుపెట్టెని, సిగ్నలు దీపాన్ని, మనిషిని కుదించారు.
వానని ఎవరూ కుదించలేదు.
ఒక్కో చినుకూ ఒక్కో కుండ.
కుండపోతంటే అదీ.
కిటికీ దగ్గర కూర్చుని
నా ఇంటి చప్పుడు వదిలేసి
దాని చప్పుడే విన్నాను.

తెల్లారి ఇంటి చెప్పులతోనే తోటలోకి వెళ్లాను.
పట్టాల మీద నత్త ఒకటి, ఏ బండికీ దారివ్వనని.
తలుపు సందులోంచి చిటికెనవేలు దూర్చి తడిమాను.
పొడి. పొడి. పొడి.
పొగగొట్టం వెనక మూల, తడి.

ఆ మూల నాకు తెలుసు.
పన్నెండేళ్లుగా మెరెరిద్ వంటింట్లో
గిన్నె పెట్టుకుంటున్న మూల అది.
అడిగినప్పుడల్లా "పడమటి గాలి" అనేవాణ్ణి.
గాలికి నోరు లేదు గదా.

వేలు తుడుచుకోలేదు.
గేటు చుట్టూ తిరిగి వెళ్లి తలుపు కొట్టాను.
"మెరెరిద్, అది గాలి కాదు."
ఆవిడ నా వేలు చూసింది.
వెనక్కి తిరిగి గిన్నె చూసింది.
"కెటిల్ పెడతాను," అంది.
"మరి నిచ్చెన ఎవరెక్కుతారు?"