చొక్కా జేబులో రెండు

గురువారం గురువారం
పలాస నుంచి వస్తారు తల్లీకొడుకులు,
ఆమదాలవలసలో రైలు దిగి, ఆటో ఎక్కి.
నా మందుల కిటికీ ముందు నిలబడతారు.
నిలబడేది ఆవిడ. వాడు కాదు.
వాడి మడమ నేల మీద కుట్టుమిషను తొక్కుతుంటుంది,
గోరు గోడ పెచ్చు గీకుతుంటుంది,
చూపు నా వెనక అట్టపెట్టెల పేర్లన్నీ మొదలెట్టి
ఒక్కటీ పూర్తిచేయదు.

పేరు ఢిల్లేశ్వరరావు. పద్దెనిమిది.
చీటీ మీద రెండు జబ్బులు, ఒకే గీత కింద.

మొదటి వారం దమయంతి నన్నే నిలదీసింది:
"మందు మాన్పించమని తెస్తే మందిస్తారేటి బాబూ?"
రెంటికీ మన దగ్గర ఒకటే మాట. ఏం చెప్పను.
"ముందు గంజాయి వదలనీండి, ఇది తరవాత సూద్దారి."
తరవాత అనేది వీడికి రాదమ్మా,
రెండూ ఒక్కసారే పట్టాలని
డాక్టరమ్మ లోపల చెప్పిందే మళ్లీ చెప్పాను.

జీడి బట్టీలో పిక్కలు కొడుతుందావిడ.
రసం తిని వేలిముద్రలు పోయాయి,
రేషన్ మిషను పోల్చుకోదు.
అయినా పొద్దస్తమానూ ఒక్కచోటే కూర్చుని
గుండు విరక్కుండా పప్పు తీస్తుంది.
"నా కడుపున పుట్టినోడికి ఆ కుదురెందుకు నేదు?"
బడిలో దానికి బెత్తంతో జవాబిచ్చారు.
ఏడులో బెంచీ బయట, తొమ్మిదిలో బడి బయట.

ఆవిడ నీళ్లకెళ్లినప్పుడు వాడే అన్నాడోసారి, ఎటో చూస్తూ:
"మొదటి దమ్ము లాగినప్పుడు సార్,
తలకాయలో ఫ్యాను ఆగింది.
అది ఆగుతాదని అప్పటిదాకా నాకు తెల్దు."
తరవాత?
"తరవాత ఫ్యానూ ఆగనేదు, నానూ ఆగనేదు."

వారానికి ఏడు మాత్రలే. ఎనిమిదోది ఇవ్వను.
ఖాళీ అట్ట తెస్తేనే కొత్త అట్ట.
రోజూ ఒకటి వాడి చేతిలో పెట్టి
ఆవిడ బట్టీకి పోతుంది.

ఇవాళ కొంగు ముడి విప్పి కిటికీలో పెట్టింది
రెండు మాత్రలు, నాని, నూలుపోగులంటుకుని.
"సొక్కా ఉతుకుతుంటే దొరికాయి.
అమ్ముకుందారని దాసీసినాడు బాబూ."
"మర్సిపోనాను," అన్నాడు వాడు, మడమ ఆపకుండా.

మూడు గురువారాలు వాడి పరీక్ష కాగితం శుభ్రం.
నాలుగోది కాదు. అదీ నాకు తెలుసు.
అయినా అన్నాను:
అమ్ముకునేవాడు
ఉతకడానికేసిన చొక్కాలో సరుకు ఉంచడమ్మా.

ఆవిడ నమ్మిందో లేదో.
ఏడు లెక్కపెట్టి ఇచ్చాను. వెళ్లారు.
కాసేపటికి గేటు కాడి నుంచి
పరిగెత్తుకొచ్చాడు వాడొక్కడే.
"చీటీ ఇక్కడే వొగ్గేసినాను సార్."

వెళ్లి పిలవలేదు ఎవరూ.