నీళ్ళు తెగని రేకు

చౌటుప్పల్ షెడ్డుల నాలుగో తొట్టి కాడ
పదకొండేండ్ల సంది నిలబడుతున్న.
జీపు తలుపులు, ట్రాలీ రెక్కలు, బస్సు మెట్లు
కొక్కేలకు ఏలాడుకుంట వస్తయి,
మునుగుతయి, లేస్తయి, కారుకుంట పోతయి.
రంగు తర్వాతి సంగతి.
రంగు కింద ఏమున్నదో అదే మా పని.

పొద్దుగాల తొలి రేకు కడిగి ఎలుగుకు పట్టి చూస్తం.
నీళ్ళు చుక్కలు చుక్కలుగ చెదిరితే ఇంకా జిడ్డున్నట్టు.
ఒక్క తెర లెక్క తెగకుండ జారితే
ఇనుము ఒప్పుకున్నట్టు.

నిరుటిదాంక ఫాస్ఫేటు తొట్టి అడుగున బురద,
ఆఖరు కడుగుల పసుపుపచ్చ క్రోమియం.
వానకాలం రాత్రులు రెండూ షెడ్డెనక వాగుల కలిసేటియి.
చెప్పొద్దని మాకెవ్వలు చెప్పలే.
మేమే చెప్పలే.

సైదులు ముక్కుల నడిమి గోడకు చిల్లు పడ్డది.
అగ్గిపుల్ల ఇటుకెళ్ళి అటు దూర్చి
కొత్త పిల్లగాండ్లకు చూపెట్టి నవ్వుతడు.
ఇంట్ల చింతచిగురు పప్పు మాడినా
నీలవ్వ కేకేస్తే గాని తెల్వదు.

మిరుగు ఎళ్ళినంక కొత్త డ్రమ్ములు దిగినయి.
జిర్కోనియం, అన్నడు ఇంజినీరు.
వేడి అక్కర లేదు, బురద పిడికెడంత,
పొర మందమంటవా,
వెంట్రుకను వెయ్యి పాయలు చీల్చుకో, అండ్ల ఒక్కటి.
మునిగి లేచిన రేకు మీద
పావురం మెడ రంగు ఒకటి మెరిసి ఊకున్నది.

డ్రమ్ము మీది చీటీ కూడబలుక్కొని చదివిన.
ఫ్లోరో...
ఆడ ఆగిన.

మాది మర్రిగూడ దిక్కు.
మా పెద్దమ్మ మొగులు చూసి ఇరవై ఏండ్లయింది,
నడుము నేలనే చూడమన్నది.
ఆ పేరు నాకు చీటీల చదువుడు అక్కర లేదు,
నేను నవ్వితే నా పండ్ల మీద మీరే చదువొచ్చు.

"కొంచెమే అన్నా. సున్నం ఏసి అడుగుకు దించుతం, బయటికి పోదు."
మా బడిల గూడ పటిక, సున్నం కలిపిన పీపా ఉండె.
దాని నల్లా ఎప్పుడూ ఎండే ఉండె.
"పోనిది చూపియ్యి సారూ," అన్న.

రేకు మీద మొలతోని అడ్డంగ గీతలు గీకి
ఉప్పు మంచుల ఐదొందల గంటలు నిలబెడ్తరు,
చిలుము ఎంత దూరం పాకిందో స్కేలుతోని కొలుస్తరు.
ఆ రిజిస్టరు పక్కన ఇప్పుడు ఇంకో రిజిస్టరు పెట్టిచ్చిన,
బయటికి పోయే నీళ్ళది.
ప్రతి శనివారం ఒక సీసా, ఒక అంకె, నా సంతకం.

తొలి సీసా నింపిననాడు
సైదులు మూత తీసి ముక్కు కాడ పెట్టుకున్నడు, అలవాటు గదా.
చానసేపు పెట్టుకొని
నా దిక్కు తిరిగి అడిగిండు:
"ఏమన్న వస్తున్నదారా?"