తేదీ ఉన్న చూద్దాం

గంటకి ఇరవై ఎనిమిది పౌండ్లు, టీ ఉచితం.
మామూలుగా నా పని లీడ్స్ ఆసుపత్రిలో,
ఎక్స్‌రేకీ రోగికీ నడుమ కూర్చుని
చేదు మాటని చేదుగానే అందించడం.
ఈ మంగళవారం మాత్రం గ్రిమ్స్‌బీలో
మత్స్యశాఖ మంత్రిగారి నోటికి నేను ఇంగ్లీషుని.

జుత్తుగ నాగభూషణంగారు కారు దిగగానే
హంబర్ మీంచి వచ్చిన గాలి
ఆయన కండువా లాక్కెళ్లి రేవుగోడకి చుట్టింది.
ముగ్గురు అధికారులు పరిగెత్తారు.
ప్రోటోకాల్ తెలియని సీగల్ ఒకటి
మొదటి స్వాగతం తెల్లగా ఆయన భుజమ్మీద వేసింది.
"శుభమేలే" అన్నారు, రుమాలు తీస్తూ.
అది నేను అనువదించలేదు.

ఈ రేవులో ఒకప్పుడు
పడవ మీంచి పడవ మీదికి, కాలు తడవకుండా
నడిచిపోయేవాళ్లమని చెప్పాడు డ్రైవరు.
ఇప్పుడు చేప లారీలో వస్తుంది,
రొయ్య కంటైనర్లో.
మన రొయ్యే.
భీమవరం చెరువులో పెరిగి, ఐసులో నిద్రపోయి,
ఇక్కడ లేచి ఇంకో పేరుతో ప్లేటెక్కుతుంది.

మీటింగు గదిలో బిస్కట్లు, నీళ్ల సీసాలు, పేర్ల అట్టలు.
చివరి అక్షరం పట్టక, అట్ట మీద ఆయన
"మిస్టర్ జుత్తు" అయ్యారు.
బట్టతల నిమురుకుని కూర్చున్నారు.

కొనుగోలు కంపెనీ హెదర్ బ్లాన్చర్డ్ ఫైలు తెరిచింది:
వెనక్కి పంపిన పదకొండు కంటైనర్లు,
మందుల అవశేషాలు, శాంపిలు నంబర్లు.
మంత్రిగారు ఊళ్లో సభలో మొదలెట్టినట్టే మొదలెట్టారు.
"అమ్మా, మా రైతు రాత్రి రెండింటికి లేచి
టార్చిలైటుతో నీళ్లలోకి చూస్తాడు.
ఏరేటర్ ఆగితే వాడి ఊపిరి ఆగినట్టే."
నాకు నాలుగు వాక్యాలు పట్టింది.
ఆక్సిజన్ దగ్గర ఆమె తలూపింది,
ఊపిరి దగ్గర ఊపలేదు.

"పదకొండూ వద్దు, రెండైనా మళ్లీ పరీక్షించండి."

ఆమె పెన్నుకి మూత పెట్టి
చాలా మర్యాదగా, చాలా పొడుగ్గా ఒక వాక్యం చెప్పింది.
నేను నోరు తెరిచాను.
ఆయన చెయ్యెత్తారు:
"వద్దమ్మా, అర్థమైంది. చూద్దాం అంటోంది.
ముప్ఫయ్యేళ్లుగా జనానికి నేను చెప్పేది అదేగా."

ఆ మాట నాకూ తెలుసు.
డాక్టరు చూద్దాం అన్నప్పుడు
ఏ భాష రోగైనా ముందు నేలవైపు చూస్తాడు.
మంత్రిగారు బిస్కట్టువైపు చూశారు.

తర్వాత ఫ్యాక్టరీ. తెల్లకోట్లు, నీలం టోపీలు,
ఎవరు మంత్రో ఎవరు గుమాస్తానో తెలియదు.
బెల్టు పక్కన లిథువేనియా నుంచి వచ్చిన డైవా
రొయ్య వీపు చీల్చి నరం తీస్తోంది.
ఎవరూ ఆపేలోగా ఈయనొకటి అందుకున్నారు.
కత్తి లేదు. బొటనవేలి గోరు, ఒక్క లాగు,
నల్లదారం మొత్తం వచ్చేసింది.
"కాకినాడ షెడ్డులో, ఎనిమిదో క్లాసు సెలవుల్లో,
కిలోకి ముప్పావలా" అన్నారు గోరు చూసుకుంటూ.
డైవా తన భాషలో ఏదో అని నవ్వింది.
ఆ నిమిషానికి నా జీతం దండగ.

క్వాలిటీ ఆఫీసరు వచ్చి, గ్లోవు లేని చెయ్యి తగిలిందని,
ఆ రొయ్యని చెత్తబుట్టలో వేశాడు.
వెనక్కి పోయినవాటిలో అది అన్నిటికన్నా చిన్నది.

సాయంత్రం అవగాహన ఒప్పందం, సంతకాలు, శాలువాలు.
హెదర్ మాత్రం తనది నిజంగానే చలికి కప్పుకుంది.
ఫోటో అంచున నేను, ఒక చెవి.

స్టేషను దగ్గర కారద్దం దించారు.
"ఇందాక నేను ఆపేశాను. ఆమె ఇంకేమైనా అందా?"

"మే పదిలోగా రెండు కంటైనర్ల శాంపిళ్లు
మళ్లీ పంపిస్తే చూద్దాం అందండీ."

"అంటే చూద్దామేగా?"

"చూద్దామేనండీ. కానీ తేదీ ఉంది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు.
తేదీ ఎప్పుడూ ఇవ్వని మనిషి
నా పెన్ను అడిగి తీసుకుని,
ఒళ్లో ఉన్న మిస్టర్ జుత్తుని తిరగేసి
వెనకాల రాసుకున్నారు: మే, పది.

పెన్ను తిరిగివ్వలేదు.