ఐదుకు కొంచెం పైన

శనివారం పొద్దున తొమ్మిదింటికి
శివరాజప్ప పల్లీల మిల్లు తాళం తీసిండు.
సీజన్ అయిపోయింది. వనపర్తి మార్కెట్ల కుప్పలు లేవు.
గోడౌన్ల పొట్టు మాత్రం మిగిలింది,
అడుగేస్తే కాళ్ళ కింద కరకర.
"దీన్ని ఊడ్వకండ్రి, ఇదీ వాయిద్యమే" అన్నది మార్తమ్మ.
ఎవ్వరం నవ్వలే. ఇంకా కొత్త.

ఆరుగురం. రెండు రోజులు.
కచేరీ లేదు, బ్యానర్ లేదు, శాలువాలు అసలే లేవు.
ఒక్కటే మాట అనుకున్నం:
తప్పు వాయిస్తే ఎవరూ మొఖం మాడ్చొద్దు.
ఆ మాట ఎక్కువ నా కోసమే.
పోస్టాఫీసుల ముద్రలు కొట్టే చేతికి
నలభై రెండేండ్లకు వయొలిన్ మీద మనసైంది.
తలుపేసుకొని వాయిస్తుంటే
పక్కింటామె వచ్చి పిల్లి ఎట్లున్నదని అడిగింది.

మక్తల్ నుంచి నాగప్ప టైలర్
బుల్‌బుల్‌తారను సగం కుట్టిన జాకిట్ల చుట్టి తెచ్చిండు.
జహంగీర్‌ది ఢోలక్.
వెల్డింగ్ రవ్వలు కాల్చిన వేళ్ళు
తోలు మీద పడితే మాత్రం ఎంత మెత్తగ!
ఊశప్ప ముప్పై ఏండ్లు పెండ్లికొడుకుల ముందు
నడుసుకుంట క్లారినెట్ ఊదినోడు.
పైసలు తీసుకోకుంట వాయించుడు ఇదే మొదలట,
కుర్సీల కూసుంటే ఊపిరాడదట.
మార్తమ్మ టీకాల డబ్బా పక్కన పెట్టి
చర్చి టాంబరిన్ తీసింది.
లైన్‌మన్ కురుమూర్తిది వాళ్ళ నాయిన భజనల నాటి హార్మోనియం.
రెండు మెట్లు పలకవు.
వాటిని దాటిపోవుడు ఆయన వేళ్ళకు అలవాటు.

పగటాల దాక శ్రుతి కలవలే.
ఎవరింటి నీళ్ళు వాళ్ళు సీసాల తెచ్చుకున్నట్టు
ఎవరి 'సా' వాళ్ళు తెచ్చుకున్నం.
నా తంతులైతే ఎండకు గంటకో తీరు.
విసుగొచ్చి డబ్బాలు విప్పినం.
జొన్నరొట్టె, పుంటికూర, పల్లి పొడి.
నోళ్ళు తిండిల పడ్డంక వినబడ్డది
గేటు పక్క ట్రాన్స్‌ఫార్మర్.
ఊఁ...

కురుమూర్తి రొట్టె చేతుల పట్టుకునే లేచిండు.
"పద్దెనిమిదేండ్ల సంది వీటి కిందనే నిలబడ్డ.
ఇది ఐదుకు కొంచెం పైన."
పోయి మెట్టు నొక్కిండు.
ముసలి పెట్టె ఎన్నడు జారిందో ఏమో,
సరిగ్గ అక్కడ్నే ఉన్నది.
ఊశప్ప క్లారినెట్ కీలు రవ్వంత లాగిండు,
నేను తంతి దించిన.
ఊరికి వెలుగిచ్చే ఇనుప డబ్బా
మాకు తంబూర అయింది.

ఆదివారమంతా ఒక్కటే బాణీ.
ఎవరు కట్టిన్రో చెప్పలేం.
నాగప్ప కాలు లేని మిషను తొక్కబట్టింది,
జహంగీర్ ఆ తొక్కుడును పట్టుకున్నడు,
దాని మీద నాలుగు స్వరాలు వచ్చి కూసున్నయి,
పందిరి మీద పిట్టల లెక్క, లేస్తయేమో అన్నట్టు.

సాయంత్రం దుమారం లేచింది.
రేకులు కొట్టుకున్నయి. కరెంటు పోయింది.
ఊఁ ఆగిపోయింది.
కురుమూర్తి ఫోన్ మోగింది, ఏదో ఫీడర్ పడిందని.
పెట్టె మూయకుండనే బండెక్కి పోయిండు.

చీకటి. తడిమట్టి వాసన.
'సా' ఎవరన్న పట్టుకోవాలె గద.
అందర్ల అధ్వాన్నపు కమాను నాదే,
అయినా పట్టుకున్న.
ఊశప్ప మెల్లగ నడుసుడు మొదలువెట్టిండు
పొట్టు మీద, గోడౌన్ ఈ కొస నుంచి ఆ కొసకు,
ముందట బారాత్ ఉన్నట్టు.
ఆ కరకర మీద టాంబరిన్,
దాని ఎనుక మేమందరం.
ఎవరి తప్పు ఎవరిదో కనబడని చీకటి.

ఎంతసేపో.
బల్బు కంటె ముందు నాకు గేటు దిక్కు నుంచి
ఊఁ అని వినబడ్డది.
మేం కొంచెం జారినం. అది జారలే.
తంతి సవరించుకున్న.
జహంగీర్ దరువు ఆపకుంటనే
"వచ్చిండు" అన్నడు.
ఎవరని ఎవ్వరం అడగలే.

తొమ్మిదింటికి తడిసి ముద్దయి తిరిగొచ్చిండు కురుమూర్తి.
చల్లారిన రొట్టె తుంచుకుంట
"ఏం వాయించిన్రు? మళ్ళొకసారి" అన్నడు.
అందరం సర్దుకొని కూసున్నం.
మొదలు ఎక్కడ్నో
ఒక్కరికీ యాదికి రాలే.